మాల్టు బరువెక్కిన సంవత్సరం

ఆ ఏడు వానాకాలం వచ్చిందని బలవర్ధక సరుకుల సంస్థకు ఆకాశం చెప్పలేదు, కాటా చెప్పింది.

సంస్థ చేసే పని చిన్నదే. ఎక్కడో దూరాన ఉన్న ఫ్యాక్టరీ నుంచి బార్లీ మాల్టు పొడి పాతిక కిలోల బస్తాల్లో వస్తుంది. దాన్ని కిలో ప్యాకెట్లుగా కట్టి, గోదాముల్లో దాచి, నెలనెలా ప్రభుత్వ హాస్టళ్ళకు పంపాలి. అక్కడ పిల్లలు సాయంత్రం పూట వేడిపాలల్లో కలుపుకుని తాగుతారు. అంతే. ఇంత చిన్న పనికి పది గోదాములు, ఒక ప్రాంతీయ కార్యాలయం, దానికొక ప్రాంతీయ మేనేజరు, ఆయనకు రెండు టేబుళ్ళు ఉన్నాయి.

పదో గోదాము ఓడమెట్టలో, సముద్రం ఒడ్డున, చేపలు ఎండబెట్టే కళ్ళానికి ఆనుకుని ఉంటుంది. దాని స్టోర్‌కీపరు నూకరత్నం. ఊరి బళ్ళో చదువుకుని, బస్సులో వెళ్ళొస్తూ డిగ్రీ పూర్తిచేసిన పిల్ల. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా నవంబరు ముప్పైకి గడువు తీరుతుంది. పొడిగిస్తూ కాగితం వస్తే మళ్ళీ ఏడాది స్టోర్‌కీపరు. రాకపోతే గోడకు అవతల కళ్ళంలో చేపలు తిరగేసే పని. వాళ్ళ అమ్మ, అమ్మమ్మ చేసింది అదే. గోడకు ఇవతల కూర్చున్న మొదటి మనిషి నూకరత్నం.

మాల్టు పొడి సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు. గాలిలో తడి ఎక్కడుందో వెతుక్కుని మరీ పీల్చుకునే సరుకు అది. మూత తీసిపెట్టి పక్కవాళ్ళతో రెండు మాటలాడి వచ్చేసరికి జిగురవుతుంది. పూట గడిస్తే బెల్లం. వారం గడిస్తే బండ. అందుకని నూకరత్నం దానితో చాలా జాగ్రత్తగా ఉండేది. ఎండ ఫెళ్ళున కాసే రోజు చూసుకుని, పదకొండుకీ రెండుకీ మధ్య, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, స్టీలు గరిటను ముందే ఎండలో వేడిచేసి, చేతికి పొడిబట్ట చుట్టుకుని కూర్చునేది. కిలో పొయ్యడం, అరచేత్తో నొక్కి లోపలి గాలి బయటకు పంపడం, సీలు వెయ్యడం. పాతిక ప్యాకెట్లకు ఒక రేకు డ్రమ్ము. మూత చుట్టూ మూడు వరసల టేపు.

"ప్యాకెట్టు కడుతున్నావా, చంటిపిల్లకి చెవుల్లో దూది పెడుతున్నావా అమ్మా?" అనేవాడు కాటా వేసే వీరభద్రం.

"తడి తగిలితే జలుబు చేస్తది బాబాయ్ దీనికి," అనేది నూకరత్నం.

జూలై ఆఖర్న పది గోదాముల్లోనూ ఏటా జరిగే తూకం జరిగింది. ఓడమెట్టలో నలభై డ్రమ్ములు, వెయ్యి కిలోలు. పుస్తకంలో ఎంతో కాటా మీదా అంతే, గ్రాము అటూ ఇటూ లేదు. నూకరత్నం సంతకం పెట్టి, తనలో తను కాస్త మురిసిపోయింది.

చింతలకోడు గోదాములో మాత్రం విచిత్రం జరిగింది. అక్కడి స్టోర్‌కీపరు పాపారాయుడుకు ప్యాకెట్లు కట్టడమంటే బద్ధకం. బస్తాల మూతులు విప్పి గోడకు చేరేసి ఊరుకున్నాడు. కప్పు మీద రేకు ఒకటి లేచిపోయి మూడేళ్ళయింది. అతని వెయ్యి కిలోలు వెయ్యీ ఇరవై రెండు తూగాయి.

ప్రాంతీయ కార్యాలయంలో సరుకు తగ్గితే నింపడానికి ఏడు రకాల ఫారాలున్నాయి. ఎలుకలకొకటి, చీమలకొకటి, ఒలికిపోతే ఒకటి, ఎందుకు తగ్గిందో తెలియకపోతే ఒకటి. పెరిగితే నింపడానికి ఒక్క ఫారమూ లేదు. ఆ అంకె ఒక టేబులు మీంచి ఇంకో టేబులు మీదికి పాకి, చివరికి ప్రాంతీయ మేనేజరు కూర్మనాథం గారి ముందుకు చేరింది. తగ్గిన సరుకుకు సంజాయిషీలు రాసీ రాసీ ఆయనకు ముప్పై ఏళ్ళ సర్వీసులో వేళ్ళు వంకర్లు పోయాయి. ఆయన ఆ కాగితం చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. లేచి నిలబడ్డారు.

"పెరిగిందయ్యా!" అన్నారు. "ప్రభుత్వ గోదాములో ప్రభుత్వ సరుకు పెరిగింది. మన సంస్థ పుట్టాక ఇది ఎక్కడైనా జరిగిందా?"

జరగలేదని అందరూ ఒప్పుకున్నారు.

మర్నాడు పాపారాయుడుకు ప్రశంసాపత్రం వెళ్ళింది. నూకరత్నానికి మెమో వచ్చింది. వీరభద్రం బీడీ ఆర్పేసి వినడానికి కూర్చుంటే ఆమె పైకి చదివింది.

"'ఓడమెట్ట గోదామునందలి నిల్వ గత సంవత్సరముగా ఎట్టి ఎదుగుదలయు లేక స్తంభించిపోయినట్లు గమనించడమైనది. ఇతర గోదాములు పురోగమించుచుండగా మీ గోదాము ఏల నిద్రించుచున్నదో మూడు దినములలో తెలుపవలెను.'"

"నిద్దరోవడమేంటి? మాల్టు లేచి తిరగాలా?" అన్నాడు వీరభద్రం.

"తిరగక్కర్లేదు బాబాయ్. లావెక్కాలంట."

ఆగస్టులో పదిమంది స్టోర్‌కీపర్లకూ కార్యాలయంలో శిక్షణ పెట్టారు. గోడకు బ్యానరు: 'నేటి తేమే రేపటి బలిమి.' పాపారాయుడు ముందు వరసలో, మెడలో దండతో కూర్చున్నాడు. తన విజయానికి కారణమేమిటో చెప్పమంటే లేచి, "నేనేం చెయ్యలేదండీ," అన్నాడు. హాలంతా చప్పట్లు. ఎంత నిగర్వి అని పక్కవాళ్ళు గుసగుసలాడుకున్నారు.

కూర్మనాథం గారు బోర్డు మీద పైకి ఎగబాకే బాణం ఒకటి గీసి గంటన్నర మాట్లాడారు. నిల్వ అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడమనుకునే కాలం పోయిందన్నారు. నిల్వను ఎదగనివ్వాలన్నారు. మూతలు మూసి, సీళ్ళు వేసి సరుకును ఊపిరాడకుండా చేసే స్టోర్‌కీపర్లు ఇంకా కొందరున్నారని చెప్పి నూకరత్నం వైపు చూశారు.

నూకరత్నం మామూలుగా నలుగురిలో నోరు విప్పదు. ఆ రోజు ఎందుకో లేచింది.

"అయ్యగారండీ, ఆ ఇరవై రెండు కిలోలూ మాల్టు కాదండి. నీళ్ళండి."

కూర్మనాథం గారు కోప్పడలేదు. జాలిపడ్డారు.

"అమ్మాయ్, నీళ్ళు లేకుండా ఈ లోకంలో పెరిగింది ఒక్కటి చూపించు. వరి పెరిగిందా? కొబ్బరిచెట్టు పెరిగిందా? నువ్వు పెరిగావా?"

నూకరత్నం ఆలోచించింది. నిజమే, తను కూడా నీళ్ళు తాగే పెరిగింది. కూర్చుంది.

సాయంత్రానికి సర్క్యులరు చేతిలో పెట్టారు. సెప్టెంబరు ఒకటిన అన్ని గోదాముల్లో తొలి తూకం. నవంబరులో మలి తూకం. తూకము ప్యాకింగుతో సహా. కనీస వృద్ధి నాలుగు శాతం. ఆ నాలుగు చూపలేని కాంట్రాక్టు సిబ్బందికి పొడిగింపు ఉండదు.

తిరుగు బస్సులో నూకరత్నం ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివింది. నాలుగు శాతమంటే పెద్ద కష్టం కాదు. డ్రమ్ముల మూతలు తీసి కిటికీ తెరిస్తే చాలు, సముద్రం మిగతాది చూసుకుంటుంది. మూడు వారాల్లో ఉద్యోగం ఖాయం. ఆ తర్వాత ఆ మాల్టును పాలల్లో కలపాలంటే గునపం కావాలి. వెయ్యి ప్యాకెట్లు. ఒక్కొక్కదాని మీదా తన అరచేయి ఉంది. ఆ మూతలు మళ్ళీ తన చేత్తోనే తియ్యాలి. కిటికీలోంచి వానజల్లు కొడుతుంటే సర్క్యులరును ఒడిలో దాచుకుంది, తడవకుండా.

మర్నాడు ఉదయం గోదాము తాళం తీస్తుంటే గోడకు అవతలి నుంచి కళ్ళం ఆడవాళ్ళ కేకలు వినిపించాయి.

"ఒసే మంగా, పట్టవే! మొన్న నేనొక్కదాన్నే ఎత్తాను ఈ ఉప్పుబస్తా. ఇవాళ ఇద్దరం పట్టినా లేవట్లేదు."

"ముసురు పట్టింది కదే, ఉప్పు నీళ్ళు తాగేసింది."

"తాగితే తాగింది, దీనికి మోత మనకా?"

నూకరత్నం తాళంచెవి తాళంలోనే వదిలేసి గోడ దగ్గరికి నడిచింది. బస్తా కింద నేల తడిసి ఉంది. గోనెసంచి చెమట పట్టిన మనిషి చొక్కాలా అంటుకుపోయి ఉంది. ఆమె చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది.

"ఏటే రత్నం, ఉప్పు ఎప్పుడూ చూళ్ళేదా?" అంది మంగ.

"చూశానే. ఇది పెరగడం ఇవాళే చూస్తున్నా."

నూకరత్నం పద్ధతి తెలిసిన మనిషి కనుక ముందు కార్యాలయానికి ఉత్తరం రాసింది: ప్యాకింగు అనగా నేమి? వారానికి జవాబు వచ్చింది: 'సరుకు చుట్టూ ఉండునదంతయు ప్యాకింగే. ఇట్టి ప్రాథమిక ప్రశ్నలతో కార్యాలయమును విసిగించరాదు.' ఆమె ఆ జవాబును ఫైల్లో పెట్టి, కళ్ళంలోంచి రాళ్ళుప్పు తెప్పించింది.

సెప్టెంబరు ఒకటి రాకముందే పని ముగిసింది. ప్రతి డ్రమ్మునూ తుప్పు పట్టకుండా ప్లాస్టిక్ కాగితంలో చుట్టారు. ఆపైన గోనెపట్టా. కాగితానికీ పట్టాకూ మధ్య డ్రమ్ము చుట్టూ ఆరేసి కిలోల ఉప్పు. కింద నీళ్ళు కారిపోకుండా కాగితం అంచులు పళ్ళెంలా పైకి మడిచారు.

"తొందరగా పెళ్ళి చేసుకో అమ్మా," అన్నాడు వీరభద్రం సూది దబ్బనం పక్కన పెడుతూ. "నీ మొగుడు ఎన్ని వానల్లో తిరిగినా తడవడు."

తొలి తూకానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు గోనెపట్టాలు చూసి, ఇవేమిటన్నాడు. ప్యాకింగండి అంది నూకరత్నం. అతను రాసుకుని వెళ్ళిపోయాడు.

ఇక అప్పట్నుంచి నవంబరు దాకా మిగతా తొమ్మిది గోదాముల్లో జరిగింది మామూలు ఉత్సాహం కాదు. కిటికీ తలుపులు ఊడదీశారు. గుమ్మాలకు తడి గోనెలు వేలాడదీశారు. ఒక స్టోర్‌కీపరు బస్తాల మధ్య నీళ్ళ బకెట్లు పెట్టాడు. ఇంకొకాయన గోదాములో వేడినీళ్ళ స్నానం మొదలుపెట్టాడు, ఆవిరి వృథా పోకూడదని. ఆయన క్రమశిక్షణను మెచ్చుకుంటూ కార్యాలయం ఒక సబ్బు మంజూరు చేసింది. ఎండ కాసిన రోజును 'ప్రతికూల దినం'గా రిజిస్టర్లో ఎర్రసిరాతో రాయాలన్నారు. అల్పపీడనం వస్తోందని రేడియోలో చెబితే ఫోన్లు చేసుకుని అభినందించుకున్నారు.

తీపికి చీమలు వచ్చాయి. బారులు తీరి వచ్చాయి. తరుగు ఫారం నింపమంటారేమోనని ఒక స్టోర్‌కీపరు భయపడి రాస్తే, కూర్మనాథం గారు స్వయంగా జవాబిచ్చారు: 'చీమలు సరుకును తిన్నంత మాత్రమున సరుకు పోయినట్లు కాదు. అది చీమలయందే ఉన్నది. అట్టి చీమలు గోదాము గడప దాటకుండ చూచుకొని, వాటితో సహా తూకము వేయవలెను.' ఆ తర్వాత తొమ్మిది గుమ్మాల దగ్గరా చీపురు పట్టుకుని ఒక్కో మనిషి కూర్చున్నాడు, బయటికి పోయే చీమల్ని మళ్ళీ లోపలికి ఊడవడానికి.

అసలు చిక్కు హాస్టళ్ళ దగ్గర వచ్చింది. నెలనెలా మాల్టు ఇచ్చేస్తూ పోతే నిల్వ తగ్గుతుంది. తగ్గితే వృద్ధి ఎక్కడ? అందుకని సెప్టెంబరు రెండో వారంలో పంపిణీ నిలిపేస్తూ ఉత్తర్వు వచ్చింది. పంపిణీ అనేది వృద్ధికి బద్ధశత్రువని అందులో రాశారు.

ఈ సంగతి తెలియక బాలికల హాస్టలు వార్డెను అచ్యుతవల్లి గారు ఎప్పటిలాగే ఖాళీ డబ్బాతో ఆటోలో దిగింది. ఆవిడకు యాభై దాటాయి. గొంతు మాత్రం ప్రార్థన సమయంలో మైకు అక్కర్లేనంత.

"ఇవ్వడానికి లేదేంటమ్మా? లోపల లేదా?"

"ఉందండి."

"పాడైందా?"

"లేదండి. శుభ్రంగా ఉందండి."

"మరేం?"

"పెరుగుతోందండి. పెరిగేదాకా ఆగమంటున్నారండి."

అచ్యుతవల్లి గారు నూకరత్నం నుదుటి మీద చెయ్యిపెట్టి చూసింది. జ్వరమేమీ లేదు. "నూట ఇరవైమంది ఆడపిల్లలు నాకు. సాయంత్రం వట్టి పాలిస్తుంటే గ్లాసులు పట్టుకుని నా మొహంలోకి చూస్తారు. వాళ్ళకేం చెప్పను? మాల్టు ఎదుగుతోంది, మీరు ఆగండర్రా అని చెప్పనా?"

తాళంచెవి నూకరత్నం నడుముకే వేలాడుతోంది. ఒక్క డ్రమ్ము ఇస్తే చాలు, తూకంలో తేలిపోతుంది, నవంబరులో కాగితం రాదు. ఆటో కదిలింది. ఖాళీ డబ్బా చప్పుడు మలుపు తిరిగేదాకా వినిపించింది.

అక్టోబరులోనూ అచ్యుతవల్లి గారు వచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. డబ్బా ఒకసారి పైకెత్తి చూపించి వెళ్ళిపోయింది. ఆ అడగకపోవడమే నూకరత్నానికి ఎక్కువ గుచ్చుకుంది.

నవంబరు మలి తూకం ఫలితాలు వచ్చాయి. పాపారాయుడు పదకొండు శాతంతో మొదట నిలిచాడు. అతని దగ్గర బస్తాలని చెప్పుకోదగ్గవి ఏమీ మిగల్లేదు, గోదాము మధ్యలో ఎడ్లబండి అంత ముదురుగోధుమ రంగు బండ ఒకటి ఉంది. ఓడమెట్ట గోదాము సరిగ్గా నాలుగు. వీరభద్రం కాటా ముల్లు చూసి ఈల వేశాడు.

"పడిందమ్మా నీ కాగితం!"

ఇరవై ఎనిమిదో తారీఖున ప్రాంతీయ కార్యాలయం హాల్లో వృద్ధి మహోత్సవం పెట్టారు. రాజధాని నుంచి కార్యదర్శి గారు వస్తున్నారు. వేదిక మీద ప్రతి గోదాము నుంచీ ఒక నమూనా. అన్నిటికంటే ముఖ్యం, వేదిక మధ్య నిలబెట్టిన బాణం. పాపారాయుడి బండను క్రేనుతో లేపి తెచ్చి, వినాయకుడి బొమ్మలు చేసే శిల్పితో నిలువెత్తు బాణంగా చెక్కించారు. పైకి చూసే బాణం. ఇది ఏ క్వారీ రాయండీ అని శిల్పి అడిగితే దేశవాళీ అన్నారు. అతను అనుమానం వచ్చి ఉలి నాకి చూశాడు. మర్నాటి నుంచి పనిలో టీ అడగలేదు.

ఆ రోజు బంగాళాఖాతంలో వాయుగుండం. హాలు బయట జడివాన, లోపల మూడు వందల మంది, మూడు వందల తడిగొడుగులు. మాల్టుకు అంతకంటే మంచి ముహూర్తం ఉండదు.

కూర్మనాథం గారు స్వాగతోపన్యాసం మొదలుపెట్టేసరికి బాణం నిటారుగానే ఉంది. 'ఆదినుండియు మన సంస్థ' దగ్గరికి వచ్చేసరికి దాని ఒళ్ళు మెరవడం మొదలైంది. 'అనూహ్యమైన ప్రగతి' దగ్గర మొన కాస్త పక్కకు వాలింది. వెనక వరసల్లో వార్డెన్లు ఒకరి మోచెయ్యి ఒకరు పొడుచుకున్నారు. 'ఇక వెనుదిరిగి చూసే ప్రసక్తి లేదు' అనేసరికి బాణం నడుం దగ్గర వంగి, మెల్లగా, ఎంతో మర్యాదగా, కార్యదర్శి గారి నెత్తి వైపు తిరిగింది.

కార్యదర్శి గారు పైకి చూశారు. "ఏమయ్యా, ఇది నా మీదికి వస్తోందేంటి?"

"నమస్కారం పెడుతోందండి సార్," అన్నారు కూర్మనాథం గారు, కాగితంలోంచి తల ఎత్తకుండానే.

నమస్కారం జారి ఆయన తెల్లచొక్కా భుజం మీద ఒక బొట్టుగా పడింది. తర్వాత ఇంకొకటి. ఆయన వేలితో తుడుచుకున్నారు. వేలు అంటుకుంది. ఏం చెయ్యాలో తోచక నోట్లో పెట్టుకున్నారు. ఒక్కసారి ఆయన మొహం పదేళ్ళ పిల్లాడి మొహమైంది.

"బాగుందే! ఏంటిది?"

"మాల్టండి సార్."

"అంటే... తింటారా దీన్ని?"

మూడు నెలలుగా ఆ కోణంలోంచి ఎవరూ ఆలోచించలేదు. వెనకనుంచి అచ్యుతవల్లి గారి గొంతు మైకు లేకుండా వచ్చింది: "పాలల్లో కలుపుకుని తాగుతారండీ! తాగనిస్తే!"

"అయితే ఒక కప్పు తెప్పించండి," అన్నారు కార్యదర్శి గారు.

వేడిపాలు వచ్చాయి. పాపారాయుడు బాణం తోక నుంచి ఒక ముక్క విరిచి కప్పులో వేశాడు. ఠక్కుమంది. చెంచాతో తిప్పితే చెంచా వంగింది. ఇంకో గోదాము నమూనా మీద సుత్తితో కొట్టారు. సుత్తి అంటుకుపోయింది. దాన్ని లాగబోయిన గుమాస్తా చెయ్యి అంటుకుంది, గుమాస్తాను లాగబోయిన ఇన్‌స్పెక్టరు అంటుకున్నాడు. ఆ ఇద్దరినీ నమూనాతో సహా పక్కగదిలోకి మోసుకెళ్ళారు. మూడో నమూనాలోంచి చీమలు మాత్రం వచ్చాయి. కార్యదర్శి గారు చల్లారుతున్న పాల వైపు చూస్తూ కూర్చున్నారు.

కూర్మనాథం గారు మైకు దగ్గరికి లాక్కున్నారు. "పొడి! ఎవరి దగ్గరైనా పొడి ఉందా?" అని మైకులో అడిగారు.

సంస్థలో పొడి ఉండడం నేరమై మూడు నెలలైంది.

నూకరత్నం మూడో వరసలో కూర్చుని ఉంది. వేదిక మీద చివర తన డ్రమ్ము గోనెపట్టాలో ఉంది. పక్కన టేబులు మీద పొడిగింపు కాగితాలు దొంతరగా ఉన్నాయి, సభ అయ్యాక కూర్మనాథం గారు సంతకం పెడతారు. పైనుంచి నాలుగోది తనది. వచ్చేటప్పుడే చూసుకుంది. గోనె విప్పితే ఉప్పు బయటపడుతుంది. ఉప్పు బయటపడితే నాలుగు శాతం పోతుంది. నాలుగు పోతే గోడకు అవతల. గంటసేపు నోరు మూసుకుని కూర్చుంటే చాలు, నోరు మూసుకుని కూర్చోవడం తనకు చేతనైన పని.

వెనక్కి తిరిగి చూసింది. అచ్యుతవల్లి గారు తన వైపు చూడ్డం లేదు. ఒడిలో ఖాళీ డబ్బా ఉంది. ఈ సభకు కూడా తెచ్చుకుంది.

నూకరత్నం లేచింది. "నా దగ్గరుందండి."

వేదిక ఎక్కి, పిన్నీసుతో గోనె కుట్లు తెంపింది. తడిసిన ఉప్పు గలగలా వేదిక మీద పడింది, కూర్మనాథం గారి బూట్ల దాకా వచ్చింది. ఆమె పైట చెంగుతో చేతులు తుడుచుకుని, మూడు వరసల టేపు ఒలిచి, మూత తీసి, ఒక ప్యాకెట్టు పైకెత్తింది. మూల కత్తిరించి కప్పులో ఒంపింది. పొడి సన్నగా, ముసురు సంగతే తెలియనట్టు జారింది. కొంచెం గాలిలోకి లేచింది. హాలంతా కమ్మటి వాసన.

కార్యదర్శి గారు కప్పు ఖాళీచేసి, ఇంకో కప్పు అడిగారు. అది కూడా అయ్యాక మీసం తుడుచుకున్నారు.

అప్పుడు కూర్మనాథం గారు ఉప్పు వైపు వేలు చూపించారు. "ఏంటమ్మాయ్ ఇది?"

"ప్యాకింగండి."

"ఉప్పు!"

"సరుకు చుట్టూ ఉండేదంతా ప్యాకింగేనన్నారండి. మీ సంతకంతోనే ఉందండి, ఫైల్లో."

అక్కడికక్కడే విచారణ సంఘం వేశారు. అంటుకోకుండా మిగిలిన అధికారులు ముగ్గురు. కాటా తెప్పించారు. ప్యాకెట్లన్నీ తూచారు, చించిన దాంట్లో మిగిలిన పొడితో సహా. కప్పుల్లోకి పోయింది కలిపితే పాతిక కిలోలు. పెరుగుదల సున్నా. నేల మీది ఉప్పు చేటలతో ఎత్తి తూచారు. ఆరు కిలోలు పెట్టిన చోట ఏడు కిలోల నాలుగు వందల గ్రాములు.

"ఈ గోదాములో మాల్టు ఒక్క గ్రాము పెరగలేదని, మూడు నెలలుగా సంస్థను మోసగించినదని తేలిందండి," అని సంఘం పెద్ద చదివాడు. "పెరిగినదంతా ఉప్పేనండి. ఇరవై మూడు శాతం."

కూర్మనాథం గారు దొంతరలోంచి నాలుగో కాగితం లాగి, చించడానికి రెండు చేతులా పట్టుకున్నారు. నూకరత్నం కళ్ళు దించుకుంది.

"ఆగవయ్యా!" అన్నారు కార్యదర్శి గారు. "ఎంతన్నాడు?"

"ఇరవై మూడండి సార్."

"మీ బాణం వాడిది?"

"పదకొండండి."

కార్యదర్శి గారు ఒంగి, చిటికెడు ఉప్పు తీసుకుని దీపం వెలుగులో చూశారు. ఆ చూపు కూర్మనాథం గారికి బాగా తెలుసు. జూలైలో తన మొహంలో ఉన్నది అదే.

"మూడు నెలల్లో ఇరవై మూడు శాతం పెరిగే సరుకు మన తీరం పొడుగునా పడి ఉంటే, దీన్ని వదిలేసి మీరు మాల్టు పట్టుకుని వేలాడుతున్నారేంటయ్యా?"

చప్పట్లు ముందు వరసలో మొదలై వెనక్కి పాకాయి. కూర్మనాథం గారు క్షణం తడబడ్డారు, అంతే. మైకు సవరించుకుని, "సంస్థ ఈ దిశగా ఎప్పటినుండో యోచించుచున్నది," అన్నారు. కాగితాన్ని నలగకుండా తిరిగి టేబులు మీద పెట్టారు.

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. వీరభద్రం బీడీ ఆర్పేశాడు. నూకరత్నం పైకి చదివింది.

"'మాల్టు అనునది వృద్ధికి అనర్హమైన సరుకుగా నిర్ధారణ అయినది. కావున పొడి రూపమున మిగిలియున్న నిల్వపై తగు ముద్ర వేసి, హాస్టళ్ళకు పంపి వదిలించుకొని, గోదాములను ఉప్పు నిమిత్తము తక్షణము ఖాళీ చేయవలెను. బండ రూపమునందు ఉండి కదలని నిల్వలను గోదాము గోడలుగా పరిగణించవలెను.'"

కింద ఇంకో కాగితం జతచేసి ఉంది. నూకరత్నం కాంట్రాక్టు మరో ఏడాది పొడిగించారు. హోదా: స్టోర్‌కీపరు, బ్రాకెట్లో ఉప్పు.

ఆమె ఆ రోజు మధ్యాహ్నమే మొదలుపెట్టింది. వెయ్యి ప్యాకెట్లలో కార్యదర్శి గారి కోసం చించిన ప్యాకెట్టు పోను తొమ్మిది వందల తొంభై తొమ్మిది. ఒక్కొక్కదాని మీదా ఎర్రసిరా ముద్ర. బాలికల హాస్టలు వాటా తనే ఆటోలో వేసుకుని వెళ్ళింది. పిల్లలు స్కూలు నుంచి వచ్చి గ్లాసులతో వరసలో నిలబడ్డారు. వంటగదిలో పాలు పొంగుతున్నాయి. అచ్యుతవల్లి గారు మొదటి ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని, కత్తెర పెట్టబోయి ఆగిపోయింది. కళ్ళజోడు పైకి తోసి ముద్ర చదివింది.

"'వృద్ధికి అనర్హం.' ఇదేంటమ్మా, పాడైపోయిన సరుకా?"

"కాదండి," అంది నూకరత్నం. "తాగొచ్చని అర్థం."